ప్రాసెసర్ కొనేముందు బోర్డు చూడండి



విద్యార్థుల సహాయం కోసం మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో ఒకప్పుడు ఫీజులు, పుస్తకాలు, హాస్టల్ ఖర్చులే ఉండేవి. ఇప్పుడు కంప్యూటర్ మాట తరచుగా వస్తోంది. కొత్తది కొనివ్వమని అడిగేవారు తక్కువ. "ఇంట్లో ఒకటుంది సార్, నత్తలా నడుస్తోంది, ప్రాసెసర్ మారిస్తే సరిపోతుందని షాపతను అంటున్నాడు" అని వచ్చేవారే ఎక్కువ. దాతల వైపు నుంచి రెండు రకాల మాటలు వింటాం. "మా ఆఫీసులో పాతవి నాలుగు పడి ఉన్నాయి, తీసుకెళ్లండి" అంటారు కొందరు. "ఒక పిల్లవాడికి మంచి ఐ7 ఇప్పించండి, ఎంతైనా నేనిస్తాను" అంటారు మరికొందరు. రెండూ మంచి మనసుతో అన్న మాటలే. అయితే ఒక పిల్లవాడికి ఐ7 ఇప్పించే డబ్బుతో ఇద్దరు ముగ్గురు పిల్లల ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు బాగుపడే సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ లెక్క తెలియాలంటే ప్రాసెసర్ గురించి కొంత తెలియాలి. దాత ఇచ్చిన డబ్బు సొసైటీ చేతిలో అమానత్ కాబట్టి ఈ లెక్క దాతలకూ తెలియడం మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట సరిచేసుకుందాం. మన ఇళ్లలో బల్ల కింద ఉండే డబ్బా మొత్తాన్ని "సీపీయూ" అనేస్తాం. నిజానికి సీపీయూ అంటే ఆ డబ్బా లోపల, ఫ్యాన్ కింద దాగి ఉండే చిన్న పలక. అగ్గిపెట్టె కంటే పెద్దగా ఏమీ ఉండదు. దాన్నే ప్రాసెసర్ అంటారు. అది కూర్చునే పెద్ద పచ్చటి లేదా నల్లటి అట్టలాంటిదే మదర్‌బోర్డు. "సీపీయూ మార్పించాలి" అని ఎవరైనా అడిగితే డబ్బా మార్చాలా, పలక మార్చాలా అన్నది తేల్చుకోకుండా డబ్బు చేతికివ్వకండి.

ఇక అసలు ప్రశ్న. కంప్యూటర్ నిదానంగా ఉందంటే తప్పు ప్రాసెసర్‌దేనా? చాలాసార్లు కాదు. ఇది తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పిల్లవాడు రోజూ చేసే పనులే చేయిస్తూ, అంటే వీడియో పాఠం పెట్టి, పక్కన నాలుగు పేజీలు తెరిచి, వర్డ్‌లో రాస్తూ, అందులోని సీపీయూ, మెమరీ, డిస్క్ అనే మూడు అంకెలను ఐదు నిమిషాలు గమనించాలి. డిస్క్ మాటిమాటికీ నూటికి నూరు చూపిస్తూ సీపీయూ ముప్పై నలభై దగ్గరే ఉంటే, లోపల తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉందన్నమాట. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి పెట్టించాలి. హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 150 మెగాబైట్లు చదివితే, సాధారణ సాటా ఎస్‌ఎస్‌డి 500 మెగాబైట్ల దాకా చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్ల విషయంలో తేడా ఇంకా ఎక్కువ, కంప్యూటర్ ఆన్ కావడంలో కనిపించేది ఆ తేడానే. మెమరీ ఎనభై తొంభై శాతం దాటి కూర్చుంటే 4 జీబీని 8 జీబీ చేయించాలి. సీపీయూ అంకె నూటికి అతుక్కుపోయి, మిగిలిన రెండూ తీరికగా ఉన్నప్పుడే ప్రాసెసర్ మాట ఎత్తాలి.

ఇంకొక కారణం దుమ్ము. ఐదారేళ్లు తెరవని డబ్బాలో ఫ్యాన్ రెక్కలకు దుమ్ము పేరుకుని, ప్రాసెసర్ మీద రాసిన పేస్టు ఎండిపోయి ఉంటుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. శుభ్రం చేసి కొత్త పేస్టు రాస్తే పోయిన వేగం తిరిగొస్తుంది. దీనికి దాత కూడా అక్కర్లేదు, ఒక బ్రష్షూ చిన్న పేస్టు ట్యూబూ చాలు.

ఇవన్నీ చూశాక కూడా ప్రాసెసర్ మార్చాల్సిందే అనుకుందాం. అప్పుడు పేర్ల గొడవ మొదలవుతుంది.

ఐ3 కన్నా ఐ5 గొప్పది, ఐ5 కన్నా ఐ7 గొప్పదని అందరూ అనుకుంటారు. ఒకే తరంలో అయితే ఆ మాట నిజం. తరం మారితే ఆ లెక్క చెల్లదు. ఐ7-2600 అనే ప్రాసెసర్ 2011లో వచ్చింది. పేరులో గీత తర్వాత ఉన్న 2 అంటే రెండో తరం. ఐ3-12100 అనేది 2022లో వచ్చిన పన్నెండో తరం. రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. అంటే నలుగురు పనివాళ్లు, ఒక్కొక్కరు రెండేసి పనులు అందుకోగలరు. గిగాహెర్ట్జ్ చూస్తే మొదటిది 3.4, రెండోది 3.3. కాగితం మీద పాతదే ఒక పిసరు ఎక్కువ. పనిలో మాత్రం కొత్త ఐ3లోని ఒక్కో కోర్ పాత ఐ7 కోర్‌కు దాదాపు రెండింతలు పని చేస్తుంది. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని అడుగులు వేస్తాడన్నది. ఒక్కో అడుగు ఎంత దూరం పడుతుందన్నది ఆ అంకె చెప్పదు. కరెంటు విషయంలోనూ తయారీదారు ఇచ్చిన అంకెలు పాతదానికి 95 వాట్లు, కొత్తదానికి 60 వాట్లు.

ఈ సంగతి దాతలు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మార్కెట్‌లో "కొత్త కంప్యూటర్, ఐ7, 16 జీబీ, ఎస్‌ఎస్‌డి" అని ఆశ్చర్యపోయేంత తక్కువ ధరకు అమ్మేవి ఉన్నాయి. క్యాబినెట్ కొత్తది, రంగురంగుల లైట్లు కొత్తవి, మదర్‌బోర్డు కూడా కొత్తగా తయారైనదే కావచ్చు. హెచ్61, హెచ్81 రకం బోర్డులను చిన్న కంపెనీలు ఇప్పటికీ తయారు చేస్తున్నాయి. లోపలి ప్రాసెసర్ మాత్రం ఎక్కడో ఆఫీసులో పదేళ్లు పనిచేసి వచ్చిన రెండో తరమో మూడో తరమో అయి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. అమ్మినవాడు అబద్ధం ఆడలేదు, అది ఐ7 అనే మాట నిజమే. అందుకే "ఐ ఎంత?" అని అడగకండి. "పూర్తి నంబర్ ఏమిటి?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ నాలుగైదు అంకెలు చెప్పకుండా దాటవేసే చోట బేరం వద్దు. 2023 చివరి నుంచి ఇంటెల్ "కోర్ అల్ట్రా" అని కొత్త పేర్లు మొదలుపెట్టింది. మన బడ్జెట్‌లోకి అవి ఇంకా రాలేదు కాబట్టి వాటిని వదిలేద్దాం.

ఇప్పుడు వ్యాసం పేరులోని బోర్డు సంగతి. మన డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

ప్రతి మదర్‌బోర్డులోనూ ప్రాసెసర్ కూర్చునే గూడు ఒకటి ఉంటుంది, దాన్ని సాకెట్ అంటారు. ఏ తాళం చెవి ఆ తాళానికే అన్నట్టు, ఆ గూటికి చెందిన ప్రాసెసరే అందులో పడుతుంది. కాబట్టి ప్రాసెసర్ కొనడానికి దుకాణానికి వెళ్లేముందే ఇంట్లో ఉన్న బోర్డు పేరు తెలియాలి. డబ్బా పక్క మూత తీస్తే బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది. మూత తీయడం ఇష్టం లేకపోతే సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే బోర్డు పేరు, సాకెట్ పేరు రెండూ చూపిస్తుంది. ఆ పేరుతో బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో వెతికితే ఆ బోర్డుకు ఏయే ప్రాసెసర్లు పడతాయో పట్టిక దొరుకుతుంది. షాపతని మాట, నా మాట, ఇంజనీరింగ్ చదివే మేనల్లుడి మాట అన్నిటికన్నా ఆ పట్టిక మాటే చివరిది.

మన పిల్లల ఇళ్లలో ఎక్కువగా కనిపించే బోర్డుల గురించి చెబుతాను.

హెచ్81 బోర్డు, నాలుగో తరం ఇంటెల్. సాకెట్ పేరు ఎల్‌జీఏ 1150. ఇందులో సాధారణంగా ఐ3-4130 లాంటి రెండు కోర్ల ప్రాసెసర్ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో ఐ5-4590 దొరికితే నాలుగు కోర్లు వస్తాయి, తేడా తెలుస్తుంది. అంతకు మించి ఈ బోర్డుకు ముందుదారి లేదు. ఇందులో పడేది డీడీఆర్3 మెమరీ, రేపు బోర్డు మారిస్తే అది వెంట రాదు. కాబట్టి చాలా తక్కువకు దొరికితేనే ప్రాసెసర్ మార్చండి, లేదంటే ఎస్‌ఎస్‌డి పెట్టించి ఊరుకోండి. ఎస్‌ఎస్‌డి అయితే రేపు కొత్త బోర్డుకూ పనికొస్తుంది.

ఆరు, ఏడు తరాలది హెచ్110 బోర్డు, ఎనిమిది, తొమ్మిది తరాలది హెచ్310 బోర్డు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. రెండింటి సాకెట్ పేరూ ఎల్‌జీఏ 1151. ప్రాసెసర్ గూట్లో చక్కగా కూర్చుంటుంది కూడా. కానీ ఏడో తరం బోర్డు మీద ఎనిమిదో తరం ప్రాసెసర్ పనిచేయదు. "సాకెట్ ఒకటే కదా" అని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, తిరిగి పంపలేక తిప్పలు పడేవాళ్లు ఇక్కడే దొరుకుతారు. హెచ్310 ఉన్న ఇంటికి మాత్రం మంచి అవకాశం ఉంది. అందులో రెండు కోర్ల పెంటియం జీ5400 ఉంటే, దాని స్థానంలో ఆరు కోర్ల ఐ5-9400 వేయవచ్చు, ఉన్న మెమరీ అలాగే పనికొస్తుంది.

పదో తరానికి సాకెట్ మళ్లీ మారి ఎల్‌జీఏ 1200 అయింది. హెచ్410 బోర్డులో పెంటియం జీ6400 ఉన్నవారు ఐ3-10100 వేస్తే కోర్లు రెట్టింపు, ఐ5-10400 వేస్తే మూడింతలు. పదకొండో తరం మాత్రం హెచ్410 బోర్డుల్లో చాలావాటికి పడదు, దానికి హెచ్510 కావాలి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాలకు ఇంకో సాకెట్, ఎల్‌జీఏ 1700. ఇంటెల్ వారు రెండు మూడు తరాలకోసారి తాళం మారుస్తారని దీన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఏఎండీ కంపెనీ ఈ విషయంలో సామాన్యుడికి కాస్త మేలు చేసింది. దాని ఏఎం4 సాకెట్‌లో రైజెన్ ప్రాసెసర్లు 2017లో మొదలయ్యాయి. అదే సాకెట్‌కు ఆ తర్వాత ఏళ్ల తరబడి కొత్త ప్రాసెసర్లు వస్తూనే ఉన్నాయి. ఏ320 అనే చవక బోర్డు మీద రెండు కోర్ల అథ్లాన్ 3000జీతో నడుస్తున్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఆ బోర్డు మీదే ఆరు కోర్ల, పన్నెండు థ్రెడ్ల రైజెన్ 5 5600జీ వేయవచ్చు. బోర్డు అదే, మెమరీ అదే, డబ్బా అదే. ఖర్చు పెట్టిన రూపాయికి ఇంత తేడా వచ్చే మార్పు ఇంకొకటి నాకు తెలియదు. ఒక షరతు ఉంది. అంత పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించాలంటే ముందు దాని బయోస్‌ను నవీకరించాలి. ఆ పని పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే చేయించాలి, తీసేశాక కుదరదు. జరుగుతున్న మధ్యలో కరెంటు పోకూడదు. మన ఊళ్లలో ఆ భయం ఉంటుంది కనుక యూపీఎస్ ఉన్న దుకాణంలోనే చేయించండి.

తర్వాతి మాట గ్రాఫిక్స్. తెర మీద బొమ్మ రావాలంటే గ్రాఫిక్స్ చిప్ కావాలి. మన పిల్లల కంప్యూటర్లలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న గ్రాఫిక్స్‌తో నడుస్తాయి. కొన్ని ప్రాసెసర్లు ఈ భాగం లేకుండా వస్తాయి, అవి కొంచెం చవక. ఇంటెల్‌లో నంబర్ చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేదు. ఐ3-12100లో ఉంది, ఐ3-12100ఎఫ్‌లో లేదు. ఐ5-9400, ఐ5-9400ఎఫ్‌లూ అంతే. ఏఎం4 రైజెన్‌లో దీనికి తలకిందులు: జీ అనే అక్షరం ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్టు. 5600జీలో, 5600జీటీలో ఉంది. ఉత్త 5600లో, 5500లో లేదు.

పాలిటెక్నిక్ చదివే ఒక అబ్బాయికి ఒక దుకాణంలో "ఇదీ అదే, వెయ్యి తక్కువ" అని ఎఫ్ రకం అంటగట్టారు. బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం చీకటి. తెర పోయిందేమోనని పక్కింటి తెర తెచ్చి తగిలించి చూశారు. తర్వాత కేబుల్ మార్చారు. చివరికి అసలు విషయం తెలిసేసరికి, సీలు విప్పారు కాబట్టి వాపసు తీసుకోమన్నారు. వెయ్యి మిగుల్చుకోబోయి గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిన పరిస్థితి వచ్చింది. ఆ ఇంట్లో తండ్రి ఆటో నడుపుతారు. వెయ్యి రూపాయలంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్క అక్షరం చూసుకోకపోతే దెబ్బ అలాంటి ఇంటికే తగులుతుంది.

ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ తనకు కావలసిన మెమరీని కంప్యూటర్ మెమరీలోంచే తీసుకుంటుంది. అందుకని 8 జీబీ ఒక్క ముక్కగా కాకుండా 4 జీబీవి రెండు ఉంటే అది చురుగ్గా ఉంటుంది. 16 జీబీ చేయిస్తుంటే 8 జీబీవి రెండు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. ఇంట్లో ఇప్పటికే ఉన్న డీడీఆర్4 మెమరీని వాడుకోగలిగే బోర్డుకు అందుకే విలువ ఎక్కువ. ఎల్‌జీఏ 1700 బోర్డు కొత్తగా కొంటే అందులో డీడీఆర్4 రకం, డీడీఆర్5 రకం రెండూ ఉంటాయి. ఉన్న మెమరీని బట్టి చూసి తీసుకోవాలి. ఖరీదైన ప్రాసెసర్ కొని, మెమరీ దగ్గరా ఎస్‌ఎస్‌డి దగ్గరా చేయి బిగపట్టడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

విండోస్ సంగతి కూడా ఎంపికను మార్చేసింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారు నమోదు చేసుకుంటే భద్రతా నవీకరణలు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి, అంతే. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే పడుతుంది. ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి అంటారు గాని అందులోనూ రైజెన్ 3 2200జీ జాబితాలో లేదు, 3200జీ ఉంది. టీపీఎం 2.0 అనేది కూడా కావాలంటుంది. దానికి భయపడి విడిగా చిప్ కొనకండి. ఈ తరాల ప్రాసెసర్లలో ఆ సదుపాయం లోపలే ఉంటుంది, బయోస్‌లో ఆన్ చేయడమే. అంటే ఏడో తరానికీ ఎనిమిదో తరానికీ మధ్య గోడ ఒకటి లేచింది. గోడకు ఇవతల ఉన్న బోర్డు మీద కొత్తగా ఎక్కువ డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు.

అయితే గోడకు ఇవతల ఉన్నవన్నీ చెత్త అని కాదు. వాటిమీద లైనక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితంగా వేసుకోవచ్చు. వీడియో పాఠాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఈఏపీసెట్ నమూనా పరీక్షలు, సీ, పైథాన్ నేర్చుకోవడం, ఇవన్నీ దానిమీద హాయిగా జరుగుతాయి. టాలీ నేర్చుకునే బీకాం పిల్లలకు మాత్రం విండోస్ కావాలి. ఇన్‌పేజ్‌లో ఉర్దూ, పేజ్‌మేకర్‌లో తెలుగు కంపోజింగ్ చేసి ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చే ఆడపిల్లలకూ విండోసే కావాలి. ఆ ప్రోగ్రాములు మహా తేలికైనవి, వాటికోసం పెద్ద ప్రాసెసర్ అవసరం లేదు. నిజంగా బలమైన ప్రాసెసర్ కావలసింది ఇంజనీరింగ్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో నడిపేవారికి, ఆటోక్యాడ్‌లో పెద్ద డ్రాయింగులు వేసేవారికి, వీడియో ఎడిటింగ్ పని నేర్చుకునేవారికి. వారికి ఆరు కోర్లు, 16 జీబీ మెమరీ అడగడం దుబారా కాదు.

నన్ను సలహా అడిగితే ఇలా చెబుతాను. ఇంట్లో ఏఎం4 బోర్డు ఉంటే కళ్లు మూసుకుని 5600జీ. అంత బడ్జెట్ లేకపోతే సెకండ్ హ్యాండ్ 3200జీ. ఎనిమిదో తరం నుంచి పదో తరం దాకా ఇంటెల్ బోర్డు ఉంటే అదే బోర్డుకు పడే ఐ5, సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. నాలుగో తరం, అంతకు ముందుదీ అయితే ప్రాసెసర్ జోలికి పోకుండా ఎస్‌ఎస్‌డి, లైనక్స్. ఆరు, ఏడు తరాలకూ దాదాపు అదే మాట. పిల్లల చదువుకు అది ఏమాత్రం చాలదని తేలితే బోర్డుతో సహా మార్చాల్సిందే, అప్పుడు ఐ3-12100తో హెచ్610 బోర్డు మంచి జోడు. కాలేజీలో చేరిన పిల్లవాడికి నాలుగేళ్లు ఢోకా ఉండదు, రేపు ఉద్యోగం వచ్చి తన డబ్బుతో ఐ5 వేసుకోవాలన్నా అదే బోర్డు పనికొస్తుంది. ధరలు నేను రాయడం లేదు. ఈ సంచిక మీ చేతికి అందేలోపే అవి మారిపోతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు మూడు దుకాణాలు తిరిగి, ఆన్‌లైన్ ధర కూడా చూసుకుంటే ఆ వారం ధర తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ అంటే చాలామంది వెనకాడతారు. ప్రాసెసర్ విషయంలో అంత భయం అక్కర్లేదు. అందులో తిరిగే భాగాలేవీ లేవు, హార్డ్ డిస్క్‌లా అరిగిపోదు. చూడాల్సింది దాని కాళ్లు. ఏఎం4 ప్రాసెసర్‌కు అడుగున సన్నని పిన్నులు వందల సంఖ్యలో ఉంటాయి, ఒక్కటి వంగినా చిక్కే. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు గూట్లో ఉంటాయి కనుక అక్కడ బోర్డును చూడాలి. ఏఎం4 కూలర్ ఊడదీసేటప్పుడు నేరుగా పైకి లాగితే ఎండిన పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా గూట్లోంచి ఊడివస్తుంది. కంప్యూటర్‌ను కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. ఎల్‌జీఏ 1700కు పాత ఇంటెల్ కూలర్ పడదు, రంధ్రాల దూరం మారింది. కొత్త డబ్బా ప్యాకింగ్‌లో కొంటే ఇంటెల్, ఏఎండీ రెండూ మూడేళ్ల వారంటీ ఇస్తాయి. డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే రకానికి ఆ కంపెనీ వారంటీ ఉండదు, దుకాణందారు ఇచ్చే హామీ ఎంతో అంతే. సర్వర్ల నుంచి తీసిన జియాన్ ప్రాసెసర్లను "పద్నాలుగు కోర్లు" అని ఊరించి అమ్ముతుంటారు. వాటిలో చాలావాటికి గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు పాడైతే మంచిది మరొకటి దొరకడం కష్టం, కరెంటు మింగుతాయి. ఇంటికి అవి వద్దు.

కరెంటు గురించి ఎవరో అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. రోజుకు 4 గంటలు వాడితే, పాతదానికీ కొత్తదానికీ 50 వాట్ల తేడా ఉందనుకున్నా నెలకు 6 యూనిట్లు. ఆ ఒక్క కారణంతో ప్రాసెసర్ మార్చనవసరం లేదు.

దాతలు పాత ఆఫీసు కంప్యూటర్లు ఇచ్చేటప్పుడు ఒక చిన్న సాయం చేయగలరు. డబ్బా మీద ఒక కాగితం అతికించి ప్రాసెసర్ పూర్తి నంబర్, మెమరీ ఎంత, హార్డ్ డిస్కా ఎస్‌ఎస్‌డినా అన్న మూడు ముక్కలు రాయండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, తర్వాత అబౌట్ అని నొక్కితే మొదటి రెండూ అక్కడే కనిపిస్తాయి. దాన్నిబట్టి ఏది ఏ పిల్లవాడికి పంపాలో నిమిషంలో తేలుతుంది. ఎనిమిదో తరానికి పైబడినవి టాలీ పిల్లలకు, కంపోజింగ్ చేసేవారికి వెళ్తాయి, మిగిలినవి లైనక్స్ వేసి బడి పిల్లలకు. పెద్ద కంపెనీల ఆఫీసు మోడళ్లలో కొన్నిటికి పవర్ సప్లై, బోర్డు అన్నీ వాటి సొంత కొలతల్లో ఉంటాయి. బయటి బోర్డు వాటి డబ్బాలో పట్టదు. వాటిని మార్చే ప్రయత్నం చేయకుండా ఉన్నవి ఉన్నట్టే ఇవ్వడం మేలు. ఇచ్చేముందు డిస్క్‌లోని మీ వ్యాపార లెక్కలు, కుటుంబ ఫోటోలు పూర్తిగా తుడిపించండి. ఉత్త డిలీట్ చేస్తే అవి పోవు.

డబ్బు రూపంలో ఇచ్చేవారు అది జకాతో, సదకానో ముందే చెప్పండి. జకాత్ సొమ్ముతో కొన్నది ఆ పేదవాని సొంతం కావాలని మన ఉలమాలు చెబుతారు. కాబట్టి ఆ డబ్బుతో వేసిన ప్రాసెసర్ గాని ఎస్‌ఎస్‌డి గాని ఆ ఇంటిదే అవుతుంది, చదువు అయ్యాక సొసైటీ వెనక్కి అడగడానికి ఉండదు. చదువు అయ్యాక వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇచ్చే కంప్యూటర్లు సదకా ఖాతాలో ఉండాలి. సందేహం ఉంటే మీ ఇమామ్ సాహెబ్‌ను అడిగి ఇవ్వండి.

కొన్న రోజున బిల్లు విద్యార్థి తండ్రి పేరునో తల్లి పేరునో రాయించండి. ప్రాసెసర్ నంబర్ చివరి అక్షరంతో సహా, సీరియల్ నంబర్‌తో సహా బిల్లు మీద ఉండాలి. పాత ప్రాసెసర్‌ను దుకాణంలో వదిలేయకుండా కొత్తది వచ్చిన డబ్బాలోనే పెట్టి తీసుకురండి. అథ్లాన్ 3000జీ లాంటిది ఇంకో ఇంట్లో పాడైపోయినదాని స్థానంలో పనికొస్తుంది.